ఇది ఇంతకుముందే ఎవరైనా చేశారా?

బీటెక్ చివరి ఏడాదిలో మా నలుగురి బ్యాచ్ చేసిన ప్రాజెక్టు పేరు ‘స్మార్ట్ బ్లైండ్ స్టిక్’. ఆర్డ్యునో బోర్డు ఒకటి, అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి, బజర్ ఒకటి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి. వీటన్నిటినీ పీవీసీ పైపుకి ఇన్సులేషన్ టేపు వేసి చుట్టేశాం. ఎదురుగా గోడ వస్తే కుయ్ కుయ్‌మంటుంది. చూపులేని వాళ్లకి గొప్ప సాయం చేస్తున్నామని నిజంగానే నమ్మాం. రిపోర్టులో ‘నవీన ఆవిష్కరణ’ అని కూడా రాసుకున్నాం.

కాలేజీ ఎక్స్‌పోలో మా స్టాల్ దగ్గరికి ఒకాయన వచ్చారు. నలభై దాటి ఉంటాయి. చూపు లేదు. బ్యాంకులో పనిచేస్తారట. ఎవరో చెబితే ప్రత్యేకంగా మా కర్ర చూడ్డానికే వచ్చారు. చేతికిచ్చాం. రెండడుగులు వేశారు, టేబుల్ తగలబోయింది, బజర్ మోగింది. మేం నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వుకున్నాం.

ఆయన ఆగి అడిగారు. “అమ్మా, ఇది ఇట్లా మోగుతూ ఉంటే వెనక నుంచి వచ్చే బండి నాకెట్లా వినపడుతుంది? మాకు చెవులే కదా కళ్లు!”

మా దగ్గర జవాబు లేదు. అప్పుడాయన తన చేతిలోని మడత కర్ర తీసి చూపించారు. పిడి దగ్గర చిన్న పరికరం బిగించి ఉంది. అది మోగదు, చేతిలో వణుకుతుంది. “రెండేళ్ల నుంచి వాడుతున్నా. ఢిల్లీ ఐఐటీ వాళ్లు చేసింది. మీరు చూడలేదా?” అన్నారు. ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు.

మేం చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు. ఆ రోజు సాయంత్రం మాకు రెండో బహుమతి వచ్చింది. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ మా అమ్మ బీరువాలో ఉంది. నేను మాత్రం ఎవరికీ చూపించను.

ఒక్క సాయంత్రం వెతికి ఉంటే...

తర్వాత ఇంటికెళ్లి వెతికాను. ఆయన చూపించింది ‘స్మార్ట్‌కేన్’. 2014లో మార్కెట్లోకి వచ్చింది. అప్పట్లో ధర సుమారు మూడు వేల రూపాయలు. విచిత్రం ఏమిటంటే అది కూడా 2005 ప్రాంతంలో ఐఐటీ ఢిల్లీలో విద్యార్థుల ప్రాజెక్టుగానే మొదలైంది. ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ ఆధ్వర్యంలో దాదాపు పదేళ్లు నలిగింది. సక్షమ్ ట్రస్ట్ ద్వారా చూపులేని వాళ్లతోనే వాడించి చూసి, మార్చి, మళ్లీ వాడించారు. చెన్నై కంపెనీ ఒకటి తయారీకి ముందుకొచ్చింది.

వాళ్లు ముందుగా తెలుసుకున్నదేమిటో చూడండి. మామూలు తెల్ల కర్ర నేల మీది రాయిని, గుంటని, మెట్టుని బాగానే పట్టేస్తుంది. దానికి సెన్సర్ అక్కర్లేదు. కర్రకి అందనివి మోకాలికి పైన ఉండేవి. తెరిచి ఉన్న కిటికీ రెక్క, వంగిన చెట్టు కొమ్మ, ఆగి ఉన్న లారీ వెనక భాగం. ఇవి నేరుగా మొహానికి, ఛాతీకి తగులుతాయి. స్మార్ట్‌కేన్ పట్టేది వాటినే, మూడు మీటర్ల దూరం నుంచి. చెప్పేది వణుకుతో, ఎందుకంటే చెవులు ఖాళీగా ఉండాలి.

మా సెన్సర్‌ని మేం పైపు అడుగున కట్టాం. అంటే మామూలు కర్ర ఎటూ చేసే పనినే ఐదొందల రూపాయలు ఎక్కువ పెట్టి చేశాం. పైగా చెవులు మూసేశాం.

అల్ట్రాసోనిక్ తరంగాలతో చూపులేని వాళ్లకి దారి చూపించాలన్న ప్రయత్నం కూడా నిన్నటిది కాదు. లెస్లీ కే అనే ఇంజినీర్ 1960లలోనే అలాంటి టార్చ్ తయారుచేశారు. అంటే మేం పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు మొదలైన పనిని, మధ్యలో ఎవరేం నేర్చుకున్నారో ఒక్క ముక్క చదవకుండా, మళ్లీ సున్నా నుంచి మొదలెట్టి సున్నా దగ్గరే వదిలేశాం.

‘ఎగ్జిస్టింగ్ సిస్టమ్’ అనే అమాయకుడు

మన దగ్గర ఇంజినీరింగ్ చదివిన వాళ్లకి ప్రాజెక్టు రిపోర్టు సంగతి చెప్పనక్కర్లేదు. మొదటి అధ్యాయం ఇంట్రడక్షన్. రెండోది లిటరేచర్ సర్వే. తర్వాత ‘ఎగ్జిస్టింగ్ సిస్టమ్’, దాని కింద ‘ప్రపోజ్డ్ సిస్టమ్’.

ఈ ఎగ్జిస్టింగ్ సిస్టమ్ అనే పాత్ర మన రిపోర్టుల్లో పాత సినిమా విలన్ లాంటిది. దానికి ఒక్క మంచి గుణం కూడా ఉండదు. ‘ప్రస్తుత విధానం మనుషుల మీద ఆధారపడింది, సమయం ఎక్కువ పడుతుంది, తప్పులు జరుగుతాయి’ అని మూడు లైన్లు రాస్తాం. ప్రపోజ్డ్ సిస్టమ్ వచ్చి దాన్ని చిత్తుగా ఓడిస్తుంది. మార్కెట్లో ఇప్పటికే ఉన్న అసలైన పరికరంతో పోటీ పెట్టే ధైర్యం చాలా తక్కువ రిపోర్టులకి ఉంటుంది.

లిటరేచర్ సర్వే సంగతి ఇంకా తమాషా. పది పేపర్ల అబ్‌స్ట్రాక్టులు తెచ్చి, మాటలు అటూ ఇటూ మార్చి, వరసగా అతికించేస్తాం. అది కూడా ప్రాజెక్టు అయిపోయాక! ‘సార్ చాప్టర్ టూ అడిగారు రా’ అన్నప్పుడే దాని గురించి ఆలోచన వస్తుంది. వంట అంతా అయ్యాక పొయ్యి వెలిగించినట్టు.

అమీర్‌పేటలో టైటిళ్ల లిస్టు చూపించి, ‘బేస్ పేపర్’తో సహా ప్రాజెక్టు చేతిలో పెట్టే సెంటర్ల గురించి అందరికీ తెలుసు. వాళ్లని తిట్టడం తేలిక. కానీ మా బ్యాచ్ కొనలేదు, సొంతంగా చేసింది. రాత్రులు మేలుకుని సోల్డరింగ్ చేశాం, వేళ్లు కాల్చుకున్నాం. అయినా మేం చేసింది సొంత ఆలోచన కాదు. యూట్యూబ్‌లో అప్పటికే ఎన్నోసార్లు ఎక్కిన ప్రాజెక్టు. చెమట మాది, ఆలోచన మాత్రం ఎవరిదో. ఆ తేడా అప్పుడు తెలియలేదు.

ప్లేజరిజం సాఫ్ట్‌వేర్ ఉంది కదా అంటారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు, దాటితే స్థాయిని బట్టి చర్య. మంచిదే. కానీ ఆ సాఫ్ట్‌వేర్ పోల్చేది మాటల్ని. ఆలోచనని కాదు. మా రిపోర్టు ఆ పరీక్ష హాయిగా గట్టెక్కేది. ఎందుకంటే పాత ఆలోచనని కొత్త మాటల్లో రాశాం.

పసుపు మనదే అని ఎలా నిరూపించారు?

ముందు ఎవరేం చేశారో వెతకడం అంటే మార్కుల కోసం చేసే తంతు కాదు. దాని మీద దేశాలే కొట్లాడుకున్నాయి.

గాయానికి పసుపు అద్దడం మన ఇళ్లలో ఎవరికి తెలియదు? 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి సరిగ్గా ఆ పని మీదే, అంటే గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద, పేటెంట్ ఇచ్చేశారు. మన సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది. ‘మా అమ్మమ్మ వాడేది’ అంటే అక్కడ చెల్లదు. కాగితం కావాలి. సంస్కృతం, ఉర్దూ, హిందీల్లో ఉన్న పాత రాతలు సహా ముప్పైకి పైగా ఆధారాలు వెతికి పట్టుకున్నారు. అందులో 1953 నాటి ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్ వ్యాసం కూడా ఉంది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది.

ఆ అనుభవం నుంచే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ పని మొదలైంది. మన పాత గ్రంథాల్లోని ఔషధ విషయాలని విదేశీ పేటెంట్ పరిశీలకులకి అర్థమయ్యే భాషల్లోకి, పద్ధతిలోకి మార్చి పెట్టారు.

ఒక దేశం తన వంటింటి పసుపు కోసం అంత వెతికింది. మనం మన ప్రాజెక్టు కోసం ఒక సాయంత్రం వెతకలేమా?

పాతదాన్ని సరిచేయడం చిన్నతనం కాదు

ఇక్కడే చాలామంది విద్యార్థులు భయపడతారు. ‘వెతికితే అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి, ఇక చేయడానికేం మిగులుతుంది?’ అని. నాకూ ఆ భయం ఉండేది.

మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు వినని వాళ్లుండరు. ఆయనకి శాస్త్రలోకంలో మొదట పేరు తెచ్చింది ‘ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి’. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగుని బట్టి కొలిచే విధానం, 1925లో అచ్చయింది. అయితే రంగుతో ఫాస్ఫరస్ కొలవడం వాళ్లు కనిపెట్టింది కాదు. బెల్, డాయిజీ అనే ఇద్దరు 1920లోనే ఒక పద్ధతి ఇచ్చారు. దాన్ని బ్రిగ్స్ సవరించారు. అందులో ఇంకా మిగిలిన ఇబ్బందులేమిటో చూసి, వాడే రసాయనాన్ని మార్చి, ఫిస్కే, సుబ్బారావు మరింత నమ్మకమైన పద్ధతి తెచ్చారు. ముందు వాళ్ల పని తెలియకపోతే లోపం ఎక్కడుందో తెలిసేది కాదు. లోపం తెలియకపోతే ఈ పద్ధతే లేదు.

ఇంకో ఉదాహరణ మనకి ఇంకా దగ్గరిది. ఆలేరు వైపు చింతకింది మల్లేశం. ఆరో తరగతితో బడి ఆగిపోయిన మనిషి. వాళ్లమ్మ లక్ష్మి గారు ఆసు పోసేవారు. పోచంపల్లి తరహా చీర నేయడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని అది. ఒక్క చీరకి చేతిని దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. రోజుకి రెండు చీరలంటే పద్దెనిమిది వేల సార్లు. భుజం పడిపోయేది. 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, నలుగురితో మాటలు పడి, 1999లో ఆయన ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది.

మల్లేశం గారు ఇంటర్నెట్‌లో పేపర్లు వెతికి మొదలుపెట్టలేదు కదా, మరి ఆయనది పరిశోధన కాదా? ముమ్మాటికీ పరిశోధనే. పుట్టినప్పటి నుంచి ఆయన ఆ ‘ఎగ్జిస్టింగ్ సిస్టమ్’ పక్కనే కూర్చున్నారు. చెయ్యి ఎక్కడ తిరుగుతుంది, దారం ఎక్కడ తెగుతుంది, నొప్పి ఎక్కడ మొదలవుతుంది, అన్నీ తెలుసు. మనం వదిలేసే సగం అదే. ముందు పరిశోధన అంటే కాగితాలు వెతకడం ఒకటి, ఆ పని చేసేవాళ్ల దగ్గర కూర్చోవడం ఇంకొకటి. మా బ్లైండ్ స్టిక్ బ్యాచ్ రెండూ చేయలేదు. మా నలుగురిలో ఒక్కరం కూడా చూపులేని ఒక్క మనిషితో పది నిమిషాలు మాట్లాడలేదు.

చెల్లి ఫోన్

ఇదంతా మళ్లీ ఎందుకు గుర్తొచ్చిందంటే, మా చిన్నమ్మ కూతురు ఇప్పుడు ఈసీఈ చివరి ఏడాది. మొన్నామధ్య రాత్రి పదింటికి ఫోన్ చేసింది.

“అక్కా, మా ప్రాజెక్టు ఫిక్సయింది. ఫోన్ చేస్తే పొలంలో మోటరు ఆన్ అయితది. జీఎస్‌ఎం మాడ్యూల్, రిలే, అంతే. మా సార్ పేటెంట్ కూడా వేద్దామంటున్నరు.”

వాళ్లది సూర్యాపేట దగ్గర పల్లె. బాబాయికి నాలుగెకరాల పొలం, రెండు బోర్లు. నేను అడిగాను, “బాబాయిని అడిగినవా?”

“నాన్నకేం తెలుసక్కా ఎలక్ట్రానిక్స్?”

“ఫోన్ ఇయ్యి.”

బాబాయి ఫోన్ తీసుకుని నవ్వాడు. “మొబైల్ స్టార్టరా బిడ్డా? మోటర్ల షాపుల దొర్కుతది గది. మనూళ్లె ఇద్దరు ముగ్గురు పెట్టుకున్నరు. ఒకాయనది సిగ్నల్ అందక మూలకు పడ్డది.”

ఆ రాత్రే ఇద్దరం వీడియో కాల్‌లో కూర్చుని వెతికాం. పుణెకి చెందిన సంతోష్ ఓస్త్వాల్ ‘నానో గణేశ్’ పేరుతో ఫోన్ ద్వారా పంపు నడిపే పరికరాన్ని ఎప్పుడో తెచ్చారు. 2009లో నోకియా పెట్టిన అంతర్జాతీయ పోటీలో దానికి బహుమతి కూడా వచ్చింది. అప్పటికి మా చెల్లి బడిలో చేరి ఒకటి రెండేళ్లయి ఉంటుంది.

అటువైపు చాలాసేపు మాట లేదు. “అంటే ఇప్పుడు ఏం చేయాలి అక్కా? టైటిల్ సబ్మిట్ చేసినం. సార్ ఒప్పుకోరు” అంది. ఆ గొంతులో నాకు మా స్టాల్ గుర్తొచ్చింది.

వెతకడం ఎలాగంటే...

ఆమెకి నేను చెప్పినవి మీకూ పనికొస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక దెబ్బలు తిని నేర్చుకున్నవి కొన్ని. మొదటి ఉద్యోగంలో రెండు వారాలు కూర్చుని ఒక లైబ్రరీ రాశాను. రివ్యూలో సీనియర్ ఒకాయన, “ఇది మన పక్క టీమ్ దగ్గర మూడేళ్లుగా ఉందే!” అన్నారు. అప్పట్నుంచి కోడ్ ముట్టుకునే ముందు ‘ఇది ఎవరైనా చేశారా’ అని వెతకడం అలవాటైంది.

మొదటిది, మీ ప్రాజెక్టు పేరుతో వెతకొద్దు. పేరు మీరు పెట్టుకున్నది. అది చేసే పనితో వెతకండి. ‘స్మార్ట్ బ్లైండ్ స్టిక్’ అని వెతికితే మీలాంటి విద్యార్థుల వీడియోలే వస్తాయి. ‘చూపులేని వారికి అడ్డంకులు గుర్తించే పరికరం’ అనే అర్థంలో ఇంగ్లిష్‌లో నాలుగైదు రకాలుగా వెతికితే అసలు పని బయటపడుతుంది.

రెండోది, గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్, వైపో వాళ్ల పేటెంట్‌స్కోప్, మన పేటెంట్ ఆఫీసు ఇన్‌పాస్. ఇవన్నీ ఉచితం. ప్రపంచంలోని పేటెంట్లన్నిటినీ విషయాన్ని బట్టి కోడ్‌లుగా విడదీసి పెట్టారు. చూపులేని వారికి నడకలో సాయపడే పరికరాలకి ‘ఏ61హెచ్ 3/06’ అనే అర వేరే ఉంది. మీ విషయానికి దగ్గరగా ఉన్న పేటెంట్ ఒకటి దొరికితే, దాని మీది కోడ్ పట్టుకుని మళ్లీ వెతకండి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

మూడోది, పేటెంట్ దొరికాక చివర్లో ఉండే ‘క్లెయిమ్స్’ చదవండి. అది పొలం గట్టు లాంటిది. ఎక్కడిదాకా తనదని ఆ మనిషి చెప్పుకుంటున్నాడో అక్కడే ఉంటుంది. మీ పరికరంలోని ఒక్కో భాగాన్నీ కాగితం మీద రాసుకుని, ఏది ఎవరి గట్టు లోపల పడుతుందో టిక్కు పెట్టుకుంటూ పోండి. చివరికి టిక్కు పడకుండా మిగిలిందే మీది. ఏమీ మిగలకపోతే అది కూడా తెలుసుకోవాల్సిన విషయమే.

నాలుగోది, పేటెంట్లలో, పేపర్లలో లేనిది బజారులో ఉండొచ్చు. అమెజాన్ చూడండి. మీ ఊరి మోటరు మెకానిక్‌ని అడగండి. గ్రామీణ ఆవిష్కరణల కోసం నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది, మన దగ్గర పల్లె సృజన ఉంది. వాళ్ల దగ్గర రైతులు, మెకానిక్‌లు చేసినవి కనిపిస్తాయి.

పేటెంట్ ‘పబ్లిష్’ అయితే వచ్చినట్టు కాదు

ఇప్పుడు కాలేజీల్లో పేటెంట్ల జోరు ఎక్కువైంది. ర్యాంకింగుల కోసం, ప్రమోషన్ల కోసం లెక్క కావాలి. ‘మా విద్యార్థులకి పేటెంట్’ అని ఫ్లెక్సీ కనిపిస్తే ఒకసారి ఆగి చదవండి. ‘పబ్లిష్డ్’ అని ఉందా, ‘గ్రాంటెడ్’ అని ఉందా?

దరఖాస్తు వేస్తే 18 నెలలకి అది పేటెంట్ జర్నల్‌లో అచ్చవుతుంది. అదనంగా ఫీజు కడితే ఇంకా ముందే అచ్చవుతుంది. అచ్చవడానికి కొత్తదనం అక్కర్లేదు. కొత్తదా కాదా అని పరిశీలకుడు చూసేది ఆ తర్వాత. దానికి వేరే దరఖాస్తు పెట్టాలి, వేరే ఫీజు కట్టాలి. అక్కడ నెగ్గితేనే పేటెంట్, దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఆ గడప దాకా వెళ్లని దరఖాస్తుకి ఫ్లెక్సీ విలువ తప్ప ఇంకేం లేదు.

మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3 విద్యార్థులందరూ ఒకసారి చదవాలి. అందులో ‘ఎఫ్’ అనే అంశం ఉంది. తెలిసిన పరికరాలని పక్కపక్కన పెట్టినంత మాత్రాన, ఒక్కోటీ తన పాత పనే తాను చేసుకుంటూ ఉంటే, అది ఆవిష్కరణ కాదు అంటుంది. కర్రకి జీపీఎస్, దాని పక్కన జీఎస్‌ఎం, దాని పక్కన పానిక్ బటన్ తగిలించే మన ప్రాజెక్టులకి నేరుగా తగిలే మాట ఇది. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కీ పేటెంట్ రాదు, సంప్రదాయ విజ్ఞానానికీ రాదు. అవీ ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నిజంగానే కొత్తది చేసిన వాళ్లు తొందరపడి ఎక్స్‌పోలో చూపించి, యూట్యూబ్‌లో పెట్టేస్తారు. ఆ వీడియోనే రేపు వాళ్ల దరఖాస్తుకి అడ్డం పడొచ్చు. లోకానికి తెలిసిపోయింది కాబట్టి ఇక కొత్తది కాదు. చట్టంలో మినహాయింపులు ఉన్నా అవి బాగా పరిమితం. అందుకే కొత్తదని నమ్మకం ఉంటే ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేయాలి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల టైమ్ ఉంటుంది. వీడియో ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

నాలుగు లైన్లు మిగిలాయి

మా చెల్లి సంగతికొస్తే, ఆ శనివారం ఊరికెళ్లి బాబాయితో పొలంలో కూర్చుంది. మొబైల్ స్టార్టర్ వాడుతున్న ఇద్దరితో మాట్లాడింది. ఆమె ఊహించనివి మూడు బయటపడ్డాయి.

ఒకటి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో రాత్రిపూట చీకట్లో పొలానికి పోయే బాధ తప్పడమే ఆ పరికరం వల్ల పెద్ద లాభం. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ అవసరం కొంత తగ్గింది. రెండు, ఆ టైమ్‌లోనే ప్రభుత్వం రైతులని ఆటో స్టార్టర్లు తీసేయమంది. కరెంటు ఉన్నంతసేపూ మోటర్లు వాటంతటవే నడుస్తూ ఉంటే భూగర్భజలం అడుగంటుతుందని. అంటే మోటరు ఆన్ చేయడం తేలిక చేయడమే అన్నివేళలా మంచిది కాదు. ఎప్పుడు ఆపాలో అది కూడా చూడాలి. ఈ ముక్క ఏ బేస్ పేపర్‌లోనూ ఆమెకి కనపడలేదు.

మూడోది బాబాయి చెప్పాడు. “నేను డబ్బా ఇప్పి వైర్లు సరిజేస్తుంటే, ఇంటికాడ నువ్వు ఫోన్ల ఆన్ గొడితే నా గతేంది?”

ఆమె దగ్గర దీనికి జవాబు లేదు. మళ్లీ వెతికాం. ఫ్యాక్టరీల్లో దీనికి పాత పద్ధతే ఉంది. మరమ్మతు చేసేవాడు మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు. అతను తీసేదాకా ఇంకెవరూ ఆన్ చేయలేరు. ‘లాకౌట్ ట్యాగౌట్’ అంటారు. అదే పద్ధతిని పల్లెలో వాడే స్టార్టర్ డబ్బాకి తక్కువ ఖర్చుతో ఎలా తేవాలన్నది ఇప్పుడు ఆమె ప్రాజెక్టు. డబ్బా మూత తెరిస్తే చాలు, ఫోన్ నుంచి వచ్చే ఆర్డర్ పనిచేయకూడదు. మూత వేసి, అక్కడున్న మనిషి చేత్తో బటన్ నొక్కితేనే మళ్లీ ఫోన్‌కి అధికారం. అయితే లోపలికి వచ్చే కరెంటు మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి మెయిన్ ఆపడం తప్పదని మూత మీద పెద్దక్షరాలతో రాసింది.

గైడ్ గారిని ఒప్పించడం తేలిక కాలేదు. టైటిల్ మార్చాలంటే మళ్లీ సంతకాలు, కమిటీ. పైగా ‘పేటెంట్ వద్దంటావేంటి’ అని కోపం. ఆమె దొరికిన పాత పేటెంట్లు, షాపులో తీసిన ఫొటోలు అన్నీ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టింది. ఆయన ఒక రోజు మాట్లాడలేదు. రెండో రోజు పిలిచి, “ఇవి ఎక్కడ వెతికావో మిగతా బ్యాచ్‌లకి కూడా చూపించు” అన్నారట. సంతకం మాత్రం ఇంకో వారం తర్వాత పెట్టారు.

రిపోర్టులో ‘ఎగ్జిస్టింగ్ సిస్టమ్’ ఈసారి పదకొండు పేజీలు వచ్చింది. ‘ప్రపోజ్డ్ సిస్టమ్’ రెండు పేజీలే. ‘మా పనిలో కొత్తది’ అన్న చోట నాలుగు లైన్లు రాసింది. మూడో లైన్‌లో ఇలా ఉంది: తాళం ఆలోచన మాది కాదు, ఫ్యాక్టరీల్లో ఎప్పటినుంచో ఉంది, రైతు స్టార్టర్ డబ్బాకి సరిపోయేలా మార్చడం మాత్రమే మా పని.

“ఇంత తక్కువ రాస్తే మార్కులు తగ్గిస్తారేమో అక్కా” అని అడిగింది. తగ్గించొచ్చు. నాకు తెలియదు, వైవా వచ్చే నెల. కానీ స్టాల్ దగ్గరికి ఎవరైనా వచ్చి ‘ఇది ఇంతకుముందే ఉంది కదా’ అంటే, ఆమె తల దించుకోనక్కర్లేదు. ‘అవునండీ, ఉంది. ఇదిగో ఫలానా వాళ్లు చేశారు. మేం చేసిన తేడా ఇది’ అని చెప్పగలదు.

ఆ మాట చెప్పడం నాకు రాలేదు. మా కర్ర ఇంకా ఆ కాలేజీ ల్యాబ్‌లో ఏదో మూల ఉండే ఉంటుంది. ఈ ఏడాది కూడా ఏదో ఒక బ్యాచ్ ‘స్మార్ట్ బ్లైండ్ స్టిక్’ అని టైటిల్ ఇచ్చే ఉంటుంది. ఆ పిల్లల్లో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. సెన్సర్ ఆర్డర్ చేసే ముందు, తెల్ల కర్రతో రోజూ బస్సెక్కే మనిషి ఒకరితో ఒక గంట నడవండి. ఆయన రోజూ దేనికి తగులుకుంటున్నారో అడగండి. తర్వాత కూర్చుని వెతకండి. ఆ తర్వాత సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి.